పికప్ నల్ల ప్లాస్టిక్ తెల్లబడింది: ఒక్క బండి మీద నాలుగు రకాల తెలుపు

విజయవాడలో నాది కార్ డీటెయిలింగ్ షెడ్డు. "నల్ల ప్లాస్టిక్ తెల్లబడిందండీ, ఏదైనా పూసి పంపండి" అంటూ వచ్చే బండ్లు నెలంతా ఉంటాయి. చాలావాటికి శుభ్రం చేసి పూత పూస్తే సరిపోతుంది. ఈ బండికి అలా సరిపోలేదు. ఒకసారి నేను చేసిన పని పాడై, మళ్లీ మొదటినుంచి చెయ్యాల్సి వచ్చింది. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను. యజమాని ఒప్పుకున్నారు. ఆయన ఊరు, బండి కంపెనీ, మోడల్ మాత్రం రాయను.

బండి నేపథ్యం

నాలుగేళ్ల డబుల్ క్యాబ్ పికప్, తెల్ల రంగు. యజమాని గోదావరి డెల్టాలో రొయ్యల రైతు. ఈ బండి మీద రొయ్యల మేత బస్తాలు, చెరువుల్లో చల్లే సున్నం, డోలమైట్, బ్లీచింగ్ పౌడర్, ఏరేటర్ మోటార్లు, పట్టుబడి రోజున ఐసు క్రేట్లు అన్నీ తిరుగుతాయి. మధ్యాహ్నం వేళల్లో చెరువు గట్టు మీదే ఆగి ఉంటుంది. గట్టు ఇరుకు కాబట్టి ఎప్పుడూ ఒకే దిక్కుకి నిలబెడతారు. కడగడానికి గట్టు మీది బోరు నీళ్లే. ఆ నీళ్లు ఉప్పగా ఉంటాయి.

మార్చి చివర్లో యజమాని బండి తెచ్చి అన్న మాట ఇది: "ఇంజిను కొత్తదానిలా ఉందండీ, మొహమే ముసలైపోయింది. ఇంకో అయిదేళ్లు దీంతోనే నడపాలి." అమ్మకానికి మెరుగు పెట్టించుకునే మనిషి ఆయన కాదు. నా నిర్ణయాలన్నీ ఆ మాటని బట్టే నడిచాయి. అయిదేళ్లు వాడే బండికి వారంలో కడుక్కుపోయే మెరుపు ఎందుకూ పనికిరాదు.

సమస్య ఎలా కనపడింది

చక్రాల పైన ఉండే నల్ల క్లాడింగ్, ముందు బంపర్ కింది భాగం, అద్దం కింద వైపర్ల దగ్గరుండే కౌల్, సైడ్ మిర్రర్ల అడుగు, వెనక డోరు పైఅంచు మీది ప్లాస్టిక్ కప్పు, అన్నీ బూడిద రంగుకి వచ్చాయి. ఎడమ వైపు కుడి వైపు కంటే బాగా ఎక్కువ. కారణం డ్రైవర్ చెప్పాడు: గట్టు మీద బండి ఎడమ భుజం ఎప్పుడూ పడమటికే ఉంటుందట. నాలుగేళ్ల సాయంత్రపు ఎండంతా ఎడమ క్లాడింగ్ తాగింది.

ముందు బంపర్ మీద నంబర్ ప్లేట్ విప్పి చూశాను. దాని కింద ప్లాస్టిక్ ఇంకా ముదురు నలుపే. ఏ బండైనా నేను ముందు ఈ పని చేస్తాను. ఎండ తగలని చోటు ఒకటి దొరికితే, మనం చేరాల్సిన నలుపు ఏదో తెలుస్తుంది. యజమానికి చూపించి "దీనికి దగ్గరగా తేగలను, అచ్చం ఇలాగే అని మాటివ్వలేను" అని అప్పుడే చెప్పేశాను.

అసలు నల్ల ప్లాస్టిక్ ఎందుకు తెల్లబడుతుందో ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. క్లాడింగ్ వెనక వైపు చూస్తే పీపీ అనే అక్షరాలు, పక్కన టీ 20 లాంటి గుర్తు అచ్చయి ఉంటాయి. అంటే పాలీప్రొపిలీన్, అందులో 20 శాతం టాల్కు పొడి. నలుపునిచ్చేది కార్బన్ బ్లాక్. అది ఎండకి వెలిసిపోయే రంగు కాదు. పోయేది ప్లాస్టిక్ పైపొర. అతినీలలోహిత కిరణాలకి పాలీప్రొపిలీన్ గొలుసులు తెగుతాయి. దాన్ని ఆపడానికి ఫ్యాక్టరీలో కలిపిన స్టెబిలైజర్ ఏళ్ల తరబడి ఖర్చయిపోతుంది. ఆపైన పైపొర కంటికి కనపడనంత సన్నగా బీటలు వారుతుంది, లోపలి టాల్కు పైకి తేలుతుంది. ఆ గరుకు మీద పడిన వెలుతురు చెదిరి మన కంటికి తెల్లగా కనిపిస్తుంది. నలుపు లోపల ఉన్నచోటే ఉంది, పైన ముసుగు పడింది.

నా దగ్గరికి రాకముందు చేసినవి

మూడు ప్రయత్నాలు జరిగాయి. మొదటిది నెలనెలా పూసే సిలికోన్ పాలిష్. పూసిన రోజు నిగనిగలాడుతుంది. గట్టు దుమ్ము ఆ జిడ్డుకి అంటుకుంటుంది, రెండు కడుగుళ్లకి పోతుంది. రెండోది డ్రైవర్ పూసిన డీజిలు, పాత ఇంజిన్ ఆయిలు కలిపిన మిశ్రమం. లారీ డ్రైవర్ల దగ్గర ఇది పాత అలవాటు. గరుకులో నూనె నిండుతుంది కాబట్టి నల్లబడిన మాట నిజమే. ఆ నూనె బీటల లోపలికి దిగి కూర్చుంటుంది, నా కష్టాలకి సగం కారణం అదే అయింది. మూడోది ఒక షాపులో హీట్ గన్ పట్టించడం. పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది. హీట్ గన్ గాలి దానికి రెండు మూడింతల వేడి. పైపొర కరిగి మళ్లీ సర్దుకోవడంతో నలుపు వచ్చింది. ఖర్చయిన స్టెబిలైజర్ మాత్రం వేడికి తిరిగి రాదు కదా! మూడు నాలుగు నెలలకే మళ్లీ వెలిసింది. దానికి తోడు ఎడమ ముందు క్లాడింగ్ మీద రెండు చోట్ల ప్లాస్టిక్ మీద అచ్చేసిన గరుకు గింజల డిజైను చదునైపోయి, మెరిసే మచ్చలు మిగిలాయి. వాటిని నేను బాగు చెయ్యలేకపోయాను, ఇప్పటికీ ఉన్నాయి.

తెలుపుల్ని విడదీయడం

మొదట నీళ్లు చల్లి చూశాను. తడిస్తే నల్లబడి, ఆరితే తెల్లబడితే పైపొర గరుకైందని అర్థం. ఈ పరీక్ష ఒక్కటే నమ్ముకుంటే మోసపోతాం. పలచటి సున్నపు పొర కూడా తడిస్తే కనపడదు.

అందుకే రెండో పరీక్ష: నిమ్మ ఉప్పు. లీటరు నీళ్లకి 15 గ్రాములు కలిపి, గుడ్డ ముంచి, ఒక చదరపు అంగుళం చోట నిమిషం ఆనించి పెట్టాను. కౌల్ మీద సన్నటి బుడగలు వచ్చాయి, గుడ్డ తీస్తే అక్కడ నలుపు. అంటే కౌల్ మీది తెలుపులో ఎక్కువ భాగం బోరు నీళ్ల సున్నమూ, చెరువు సున్నపు దుమ్మూ. క్లాడింగ్ మీద అదే పరీక్షకి కొద్దిగానే తేడా వచ్చింది. అక్కడి తెలుపు ఎండ దెబ్బ.

నిమ్మ ఉప్పు పట్టించే ముందు చేసిన పని ఇంతకంటే ముఖ్యం. బండి మీద బ్లీచింగ్ పౌడర్ మోశారని తెలిశాక, వెనక తొట్టి మూలలతో సహా బాగా ఎక్కువ నీళ్లతో కడిగించాను. బ్లీచింగ్‌కి ఆమ్లం తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది. మూసిన షెడ్డులో అది ప్రాణం మీదికి తెస్తుంది. చెరువుల మీదినుంచి వచ్చే ఏ బండికైనా "ఇందులో ఏమేం మోశారు?" అని నేను ముందుగా అడగడానికి కారణం ఇదే. మా కుర్రాళ్లకీ అదే నేర్పాను.

మూడో తెలుపు రంగు అంచుల వెంట ఉంది. తెల్ల బాడీకి ఎవరో వ్యాక్స్ పాలిష్ పెట్టినప్పుడు ప్లాస్టిక్‌కి టేపు అంటించలేదు. అది గింజల్లో ఎండిపోయి పసుపు కలిసిన తెలుపైంది. పిల్లలు వాడే పెన్సిల్ రబ్బరుతో ఓపిగ్గా రుద్దితే ఇది ఊడుతుంది. మెలమైన్ స్పాంజి వాడొచ్చు గానీ అది సన్నటి ఉప్పు కాగితం లాంటిది. గట్టిగా రుద్దితే గింజల తలలు అరిగి మెరుపు మచ్చ పడుతుంది. ఈ బండికి అలాంటి మచ్చలు అప్పటికే రెండున్నాయి కాబట్టి రబ్బరుతోనే సరిపెట్టాను.

మూడు తెలుపులూ తేలిపోయాయి అనుకున్నాను. నాలుగోది నా కంటికి ఆనలేదు.

మొదటి పని, అది పాడైన తీరు

ఏప్రిల్లో మొదలుపెట్టాను. దుమ్ము గాలితో ఊదడం, నీళ్లు, నిమ్మ ఉప్పు, మళ్లీ నీళ్లు, తర్వాత ఒకటికి పది పాళ్లు కలిపిన ఆల్కలీ క్లీనర్, మెత్తటి బ్రష్షు, చివర్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తుడుపు. ఆపైన ట్రిమ్ సెరామిక్ పూత, అంటే బయటి ప్లాస్టిక్ భాగాలకి వేసే ద్రవం. సిలికోన్ పాలిష్ గరుకులో ఊరికే కూర్చుంటుంది. ఈ పూత మాత్రం ఆరాక గట్టిపడి పైపొరకి పట్టుకుంటుంది, సన్న బీటల్ని నింపుతుంది కాబట్టి నలుపు తేలుతుంది. బండి వెళ్లిన రోజు యజమాని నంబర్ ప్లేట్ కింది నలుపుతో పోల్చి చూసుకుని తృప్తిగా వెళ్లారు.

మూడు వారాలకి ఫోన్. "ఎడమ పక్క చారలు చారలుగా వచ్చిందండీ. వెనక డోరు మీద తెల్లగీతలు."

బండి రాగానే క్లాడింగ్ మీద నీళ్లు పోసి చూశాను. కొన్నిచోట్ల నీరు పొరలా పరుచుకుంటోంది, కొన్నిచోట్ల బంతులు కట్టి జారుతోంది. ఈ పరీక్ష పూత వేశాక కంటే ముందు చెయ్యాల్సింది. ఎండకి గరుకైన ప్లాస్టిక్ నిజంగా శుభ్రపడితే దాని మీద నీరు సమంగా పరుచుకోవాలి. బంతులు కడితే లోపల జిడ్డుందని అర్థం. నేను కౌల్ మీద, బంపర్ మీద చూసి, బాగానే ఉందని మిగతాదంతా అలాగే ఉంటుందని అనుకున్నాను. చక్రాల పైన, కంటికి అందని వంపులో డ్రైవర్ ఇంజిన్ ఆయిలు గట్టిగానే పట్టించాడు. ఆల్కలీ క్లీనర్ ఒక్క విడతకి అది వదల్లేదు. పూత నూనె మీద పడింది, నూనెతోపాటే ఊడింది. తప్పు నాదే కాబట్టి రెండోసారి పనికి డబ్బు తీసుకోలేదు.

వెనక డోరు కప్పు సంగతి వేరు. దాని మీది తెల్లగీతలు నిమ్మ ఉప్పుకి కదల్లేదు, తడిపినా పూర్తిగా మాయం కాలేదు. గోటితో రాస్తే అక్కడ చిన్న గాడి తగిలింది. టాల్కు కలిసిన పాలీప్రొపిలీన్ మీద బరువైనది రాసుకుంటే గీత తెల్లగా తేలుతుంది. లోపల టాల్కు చుట్టూ ప్లాస్టిక్ విడిపోయి వెలుతురుని చెదరగొడుతుంది. అది ఎండ చేసిన తెలుపు కాదు. ఐసు క్రేట్లు దించేటప్పుడు డోరు అంచు మీదుగా లాగడం వల్ల వచ్చింది. నాలుగో తెలుపు ఇదే. మైక్రాన్ల మందం పూత క్రేటుని ఆపలేదు.

రెండోసారి నిర్ణయాలు

ఎడమ వైపు క్లాడింగ్‌కి ముందు వ్యాక్స్, గ్రీజు తీసే స్పిరిట్ క్లీనర్ వాడాను. వెనక వైపు కనపడని మూల ఒకటి పరీక్షించి, ప్లాస్టిక్ మెత్తబడటం లేదని చూసుకున్నాకే. గుడ్డకి గోధుమ మరక అంటడం ఆగేదాకా, గుడ్డలు మారుస్తూ అయిదు విడతలు పట్టింది. తర్వాత క్లీనర్, నీళ్లు, నీటి పరీక్ష. ప్రతి క్లాడింగ్‌కీ విడివిడిగా, వంపుల్లో టార్చి వేసి చూస్తూ. ఆఖరికి వెనక చక్రం దగ్గర అరచేతి వెడల్పు చోటు ఇంకా బంతులు కడుతుంటే పూత ఆపి మళ్లీ తుడిచాను.

ఆ తర్వాత ఆరబెట్టడం. క్లాడింగ్ క్లిప్పుల దగ్గర, బాడీకీ ప్లాస్టిక్‌కీ మధ్య సందులో నీరు దాక్కుంటుంది. పూత వేస్తుండగా ఒక్క చుక్క కారినా అక్కడ మచ్చే. బ్లోయర్ పట్టి, రాత్రంతా షెడ్డులో వదిలి, తెల్లవారుజామున అయిదున్నరకి పని మొదలుపెట్టాను. మే నెలలో తొమ్మిదయ్యాక నల్ల ప్లాస్టిక్ మీద చెయ్యి ఆనదు, పూత తుడిచేలోపే బిగుసుకుంటుంది.

ఇక ఏ పూత అన్నది. పారదర్శకమైన సెరామిక్ పూత తేలిక దెబ్బని బాగా కప్పుతుంది. ఎడమ క్లాడింగ్ లాగా గట్టిగా వెలిసిన చోట అదొక్కటే వేస్తే బూడిద ఛాయ మిగులుతుంది. అక్కడ నల్ల రంగు కలిసిన రెస్టోరర్ కావాలి. ఒకదాని మీద ఒకటి వేద్దామంటే, రంగు రెస్టోరర్ వదిలే నూనె పొర మీద సెరామిక్ పట్టదు. మళ్లీ అదే నూనె కథ అవుతుంది. కాబట్టి ఏ భాగానికి ఏదో తేల్చుకోవాలి. యజమాని అడిగారు, "రెండు పక్కలా ఒకేలా ఉండాలి కదండీ?" న్యాయమైన ప్రశ్న. నేను ఇలా ఆలోచించాను: కుడి, ఎడమ పక్కల్ని ఎవరూ ఒకేసారి చూడలేరు. ముందు బంపర్‌ని మాత్రం అంతా ఒక్క చూపులో చూస్తారు. అందుకని బంపర్ మొత్తానికి, ఎడమ క్లాడింగ్‌కి రంగు రెస్టోరర్. కుడి క్లాడింగ్, కౌల్, మిర్రర్లకి సెరామిక్. రంగు రెస్టోరర్ వేసిన చోట ఏడాదికోసారి మళ్లీ వెయ్యాలని ఆయనకి కాగితం మీద రాసిచ్చాను.

పెయింట్ వేసేద్దామని ఆయన తమ్ముడు పట్టుబట్టాడు. వద్దన్నాను. పాలీప్రొపిలీన్‌కి ఏదీ తేలిగ్గా అంటదు. ప్లాస్టిక్ ప్రైమర్ వేసినా, చక్రం వెనక రాళ్ల దెబ్బకి ఒక చోట పెచ్చు లేచిందంటే నీరు అంచుల్లోకి దిగి పెచ్చులు పెరుగుతూ పోతాయి. వెలిసిన ప్లాస్టిక్ కంటే పెచ్చులూడిన పెయింట్ చూడ్డానికి ఘోరం, తియ్యడానికి ఇంకా ఘోరం. బాడీ రంగుని కాపాడటానికి అంటించే పారదర్శక పొర, పీపీఎఫ్ ఫిల్మ్ గురించీ అడిగారు. గింజల ప్లాస్టిక్ మీద దాని జిగురు గింజల తలలకే తగులుతుంది, అంచులు లేస్తాయి. నునుపైన నల్ల ప్లాస్టిక్‌కి అది మంచి మందు, ఈ బండికి పనికిరాదు.

వెనక డోరు కప్పు దగ్గర ఎక్కువసేపు ఆగాం. తొట్టి లోపల వేసే పాలీయురెథేన్ లైనర్ దీని మీదా కొట్టొచ్చు. ముందు వేసే అడ్హీషన్ ప్రమోటర్ (పూత అంటుకునేలా చేసే మందు) సరిగ్గా పడితే క్రేట్లకి ఆగుతుంది. కానీ కప్పు విప్పి చూస్తే రెండు క్లిప్పులు విరిగి ఉన్నాయి. విరిగినదాని మీద ఖర్చు దండగ. కొత్త కప్పు తెప్పించి, బిగించక ముందే బల్ల మీద పెట్టి, నాలుగు వైపులా సెరామిక్ వేశాను. కొత్త ప్లాస్టిక్ మీద జిడ్డు లేదు, బీట లేదు. ఫ్యాక్టరీలో అచ్చునుంచి ముక్క ఊడి రావడానికి పూసే రసాయనం ఉంటే పోతుందని ఆల్కహాల్‌తో తుడవడమే మిగిలిన పని. ఇంత సుఖంగా జరిగిన పని ఆ బండి మీద ఇంకోటి లేదు.

క్రేట్ల సంగతి మాత్రం డ్రైవరే తేల్చాడు. నేను అంచుకి రబ్బరు బీడింగ్ అంటిద్దామన్నాను. "అంటిస్తే కింద ఇసక చేరుద్ది సార్, ఆ ఇసకే ఉప్పు కాగితంలా తినేద్ది. లారీ ట్యూబు ముక్క కోసి, దింపేటప్పుడు అంచు మీద పరిస్తే చాలదా?" అన్నాడు. నాకంటే అతని మాటే సరైనది. పాత ట్యూబు మూడడుగులు కోసి, అవసరమైనప్పుడు పరిచి, పనయ్యాక మడిచి సీటు కింద పెట్టుకుంటున్నాడు.

తర్వాత ఏం జరిగింది

పూత వేశాక 24 గంటలు నీరు తగలకూడదు. నేను రెండు రాత్రులు షెడ్డులోనే ఉంచాను. బండితో పాటు డ్రైవర్‌కి చెప్పి పంపినవి కొన్ని. సున్నం మోసిన రోజు ముందు పొడిగా దులపాలి. దుమ్ము మీద నేరుగా నీళ్లు కొడితే అది ముద్దయి గింజల్లో కూర్చుంటుంది. బట్టల పౌడరు బదులు కార్ షాంపూ వాడాలి. బోరు నీళ్లతో కడిగినా చివర్న రెండు బకెట్లు కాలవ నీళ్లు పోసి, ఆరేలోపే గుడ్డతో తుడవాలి. ప్రెషర్ గన్ మూర దూరం నుంచి, ఒకేచోట నిలపకుండా పట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, వీలున్న రోజు బండిని రెండో దిక్కుకి తిప్పి ఆపాలి.

ఆ చివరిది మొదట ఎవరూ పట్టించుకోలేదు. ఆగస్టులో యజమాని గట్టు మొదట్లో తాటాకు పాక ఒకటి వేయించారు. మేత బస్తాల కోసం వేసిందే, బండికీ చోటు దొరికింది. నేను పూసినవన్నీ కలిపినా ఆ పాక నీడ ఇచ్చినంత రక్షణ ఇవ్వలేదని నా అంచనా.

డిసెంబర్లో చూశాను. వానాకాలం గడిచాక కుడి వైపు, కౌల్, మిర్రర్లు బాగున్నాయి. కౌల్ మీద సున్నపు చుక్కలు వచ్చినా తడిగుడ్డకే వదిలాయి. ముందు చక్రాల వెనక, క్లాడింగ్ కింది అంచున మాత్రం పూత పూర్తిగా పోయింది. చక్రం ఎగజిమ్మే కంకర దెబ్బ అది. దానికి రసాయనం కంటే వెడల్పాటి మడ్ ఫ్లాపులే మందు. ఆటోనగర్‌లో దళసరి రబ్బరువి వేయించి, అరిగిన చోట మళ్లీ పూశాను. మొదటి రోజే వేయించాల్సింది.

మళ్లీ ఏప్రిల్లో బండి వచ్చింది. ఎడమ క్లాడింగ్ నంబర్ ప్లేట్ కింది నలుపుకి ఒక మెట్టు తక్కువగా ఉంది. అనుకున్నట్టే ఏడాదికి రంగు రెస్టోరర్ మళ్లీ వేశాను. ఈసారి నీటి పరీక్ష మొదటి విడతలోనే దాటింది, పని సగం పూటలో అయిపోయింది. వెనక డోరు కప్పు మీద ట్యూబు జారినప్పుడు పడ్డ ఒక్క గీత ఉంది. ఎడమ వెనక క్లాడింగ్ క్లిప్పు చెవులు ఎండకి పెళుసెక్కి విరగడం మొదలైంది. కొత్త ముక్క ఆర్డరు పెట్టాం. అది వచ్చిన రోజు బండి కంటే ముందు ముక్క నా బల్ల మీదికి రావాలని యజమానికి చెప్పాను.